బిగుసుకోని ముడి

"ఈ సరస్సు ఎండిపోయిందంటే నమ్ముతాను గానీ, మా అక్క మనిషిని చంపిందంటే నమ్మను మేడమ్."

తెడ్డు వేస్తూ పడవవాడు ఆ మాట మళ్ళీ అన్నాడు. అవతలి ఒడ్డున బయల్దేరినప్పటి నుంచి అతను ఏం మాట్లాడినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతోంది.

ఎదురు బల్ల మీద కూర్చున్న డిటెక్టివ్ కోటు కాలరు పైకి లాక్కుంది. యాభై దాటిన మనిషి. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టినప్పటి నుంచి ఆమె ఒక్క నియమం మాత్రం తప్పలేదు. జరిగిన చోటు తన కళ్ళతో చూడకుండా ఏ అభిప్రాయానికీ రాదు. అందుకే నిన్న పొద్దున్న బస్సెక్కి, ఒళ్ళు హూనమై, ఇవాళ పొద్దుటికి ఈ పడవలో తేలింది.

"నమ్మకాలు పక్కన పెట్టండి. ఏం జరిగిందో వరసగా చెప్పండి. మీ అక్క గురించి కాదు, ఆ వచ్చినాయన గురించి."

"ఏముంది మేడమ్. ఫొటోలు తీసుకుంటానని వచ్చాడు. లాడ్జిలో దిగాడు. మా ఊరొచ్చిన వాళ్ళెవరైనా కొండెక్కాలంటే మా అక్కనే అడుగుతారు. మంగళవారం తెల్లారగట్ల ఇద్దరూ బయల్దేరారు. మధ్యాహ్నం దాటాక అక్క ఒక్కతే దిగింది. దారిలో మంచు కమ్మేసిందంట, వెనక్కి తిరిగి చూస్తే వాడు లేడంట. అరిచీ అరిచీ గొంతు పోయి వచ్చింది. ఊరు ఊరంతా పరిగెత్తాం. సాయంత్రానికి ముక్కురాయి మీద అక్క తాడు దొరికింది, కోసేసి ఉంది. కింద నీళ్ళలో వాడి టోపీ. ఆ రాత్రికే కబురు పోలీసులకి పోయింది. మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ గారొచ్చారు. ఆ వెనకే వాడి భార్య దిగింది, ఒకటే ఏడుపు. మధ్యాహ్నానికి అక్కని గదిలో పెట్టి తాళం వేసేశారు."

"శవం?"

"ఈ నీళ్ళు లోతు మేడమ్. తీసుకున్నవి తిరిగివ్వవు."

సరస్సు నడుమ నాలుగైదు పడవలు మెల్లగా తిరుగుతున్నాయి. వాటిలోని మనుషులు ఇనుప కొక్కేలు కట్టిన తాళ్ళు నీళ్ళలోకి వదిలి లాగుతున్నారు. సగం మంది ఒంటి మీద ఆకుపచ్చ యూనిఫారాలున్నాయి.

"వాళ్ళు?"

"ఫారెస్టు గార్డులు. పైనున్న వాళ్ళందర్నీ ఇన్‌స్పెక్టర్ గారే కిందికి దింపారు, వెతకడానికి. మా మేనకోడలు కూడా గార్డే. అక్క కూతురు. అదొక్కటీ పైన కాపలా చౌకీలో మిగిలిపోయింది."

డిటెక్టివ్ తల ఊపి, రేవు చేరేదాకా ఆ పడవల్నే చూస్తూ కూర్చుంది.

రేవులో ఇన్‌స్పెక్టర్ ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఏడు పోలీసు శిక్షణలో చేరారు. అక్కడ ప్రతి పరీక్షలోనూ ఆమె పేరు మొదట ఉండేది, అతని పేరు దాని కింద. ఆ కింద ఉండటం అతను ఇప్పటికీ మర్చిపోలేదు. కానిస్టేబుళ్ళ ముందు మాత్రం చిరునవ్వుతో చేతులు జోడించాడు.

"రండి మేడమ్, రండి! ఇంత చలిలో ఇంత దూరమా? ఒక్క ఫోన్ చేస్తే కేసు మూట కట్టి మీ ఇంటికే పంపేవాణ్ణిగా."

"మూటలో ఏం సర్దారో చూసుకుని తీసుకెళ్దామని వచ్చాను ఇన్‌స్పెక్టర్ గారూ."

"సర్దడానికి మిగల్లేదు, అయిపోయింది. తాడు ఆవిడది. కత్తి గాటు స్పష్టంగా ఉంది. కొండ మీద ఇద్దరికీ గొడవైంది, 'ఇంకో మాట మాట్లాడితే నిన్నిక్కడే వదిలేసి పోతా' అని ఆవిడ అరవడం పక్క గుట్ట మీద గొర్రెల కాపరి విన్నాడు. ఇంకేం కావాలి?"

"ఆవిడతో మాట్లాడాలి. ఆ తర్వాత ముక్కురాయి చూడాలి."

అతను ఒక అడుగు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "చూడు భూతద్దం, శిక్షణలో చెల్లింది, ఇక్కడ చెల్లదు. ఇది నా ఏరియా."

"నీ ఏరియాలో నీకు అంత ధైర్యముంటే నేను చూస్తే తప్పేమిటి?"

భూతద్దం అనేది శిక్షణ రోజుల్లో ఆమెకు పెట్టిన పేరు. దానికి ఆమె ఆ రోజుల్లోనే సిగ్గుపడలేదు.

*

ఊళ్ళో ఉన్నది పోలీసు ఔట్‌పోస్టు మాత్రమే. లాకప్ లేదు. పడవల సామాను పెట్టుకునే వెనక గదినే లాకప్ చేశారు. పాత తెడ్లు, చిరిగిన వలలు, ఈత చొక్కాల మధ్య ఒక చెక్కపెట్టె మీద ఆ మనిషి కూర్చుని ఉంది. అరవై ఏళ్ళుంటాయి. ఎండకీ మంచుకీ ముఖం తోలులా గట్టిపడింది. వీపు మాత్రం నిటారుగా ఉంది. ఊరందరికీ ఆమె పెద్దక్క. కానిస్టేబుల్ కూడా తాళం తీస్తూ, "పెద్దక్కా, మీ కోసం ఎవరో వచ్చారు," అన్నాడు.

"నువ్వేనా మా తమ్ముడు పిలిపించిన మనిషివి?"

"నేనే పెద్దక్కా."

"ఏమన్నా తిన్నావా? ఇల్లయితే వేడిగా ఏదన్నా పెట్టేదాన్ని. ఇక్కడ వాళ్ళిచ్చిందే నేను తింటున్నా."

డిటెక్టివ్ ఇంకో పెట్టె లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో భుజం ఆనించి నిలబడ్డాడు.

"ఆయన మీ వెనక ఎంత దూరంలో నడుస్తున్నాడు?"

"చెయ్యి చాపితే అందేంత. మంచు దిగాక గొంతు వింటూ నడిపించా. రెండు మలుపులు తిరిగాం. మూడో మలుపులో పిలిస్తే పలకలేదు."

"మీ తాడు ముక్కురాయి మీదికి ఎలా వెళ్ళింది?"

"నా దగ్గర రెండుంటాయి. ఒకటి నా భుజాన, ఇంకోటి వచ్చినవాళ్ళ సంచిలో. నా తాళ్ళన్నిటికీ కొసన ఎర్రరంగు వేస్తా. వాడి సంచిలోది అది. మేం ముక్కురాయి వైపు అసలు పోలేదు."

"గొడవ దేని గురించి?"

పెద్దక్క పెదవులు బిగిశాయి.

"అది చెప్పను."

గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "మూణ్ణాళ్ళుగా ఇదే పాట."

"పెద్దక్కా, మీరు చెప్పకపోతే ఆ ఖాళీలో ఈయన తనకి నచ్చింది రాసుకుంటాడు. జైలంటే ఈ గది కాదు."

"తెలుసమ్మా. ముప్పై ఏళ్ళుగా ఈ కొండ మీదికి ఎంతమందిని తీసుకెళ్ళానో నాకే గుర్తులేదు. అందర్నీ మళ్ళీ గుమ్మం దాకా తెచ్చి అప్పజెప్పా. కాలు విరిగినవాణ్ణి వీపు మీద మోసుకొచ్చా. ఒక్కడు తక్కువయ్యాడని ఇవాళ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. చూడనీ." ఆమె పెట్టె మీద సర్దుకుని కూర్చుంది. "కానీ నువ్వడిగింది నా ఒక్కదాని సంగతి కాదు. ఊరంతా కలిసి ఇచ్చుకున్న మాట. నా మెడ కాపాడుకోడానికి దాన్ని తాకట్టు పెట్టను."

డిటెక్టివ్ ఆ కళ్ళలోకి కాసేపు చూసింది. తప్పు దాచేవాళ్ళ కళ్ళు ఆమెకు బాగా తెలుసు, అవి తలుపు వైపో నేల వైపో పోతాయి. ఈ కళ్ళు కదల్లేదు. ఈ మనిషి దేన్నో కాపలా కాస్తోంది.

"సరే. అది అడగను," అని లేచింది.

ఇన్‌స్పెక్టర్ ఆశ్చర్యపోయాడు. పెద్దక్క కూడా.

*

ముక్కురాయి అంటే కొండ కడుపులోంచి సరస్సు మీదికి పొడుచుకొచ్చిన బండ. పైకి చేరేసరికి ఇన్‌స్పెక్టర్ ఆయాసపడుతూ నడుం పట్టుకున్నాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ మెడలో కెమెరా ఉంది. పడవవాడు దారి చూపించి వెనకే నిలబడ్డాడు. వాళ్ళు నలుగురు తప్ప ఆ చుట్టుపక్కల నరమానవుడు లేడు.

బండకు దిగ్గొట్టిన ఇనుప మేకు, దానికి కట్టిన తాడు, అంచు దాటి రెండు బారలు వేలాడి తెగిన కొస. మూడు రోజులుగా పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. ఆ మాత్రం శ్రద్ధకి డిటెక్టివ్ మనసులో అతనికి ఒక మార్కు వేసింది.

"చూశారా?" ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపాడు. "కింద రాతి సందుల్లో పక్షిగూళ్ళున్నాయి. వాటి ఫొటో కోసం ఆయన తాడు పట్టుకుని దిగాడు. గొడవపడ్డ కోపంలో ఆవిడ పైనుంచి కోసేసింది. చిన్నపిల్లలక్కూడా అర్థమవుతుంది."

డిటెక్టివ్ బండ మీద బోర్లా పడుకుంది. గడ్డం అంచుకి ఆనించి, తాడు అంచు దాటే చోటుని చాలాసేపు చూసింది. తర్వాత పాకుతూ వెనక్కొచ్చి మేకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"బాబూ, ఈ ముడిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్యి. అంచు దగ్గర తాడు కింద నాచుని కూడా ఫొటో తియ్యి, దగ్గరగా." కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ వైపు చూసి, అతను తలూపాక తీశాడు.

"ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ గారూ, గ్లవ్స్ వేసుకుని ఆ ముడి విప్పండి."

"సాక్ష్యాన్ని విప్పమంటావా?"

"ఫొటోలున్నాయి, సాక్షులున్నారు. పైగా మీ లెక్క ప్రకారం అది మీ చేతికి ఊడి రాకూడదు. మనిషి దాని మీద వేలాడాడు అంటున్నారుగా? తాడు మీద మనిషి బరువు పడి ఊగితే ముడి ఎలా బిగుస్తుందో పడవ కట్టేవాణ్ణి ఎవర్నడిగినా చెప్తాడు. సుత్తి పెట్టి కొట్టినా ఒక పట్టాన రాదు."

అతను చిరాగ్గా గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్నాడు. ముడి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అది కదిలింది. కొస పట్టుకుని కొద్దిగా నెట్టాడు. ముడి జడ పాయలా విచ్చుకుని అతని అరచేతిలో పడింది.

కానిస్టేబుల్ నోరు తెరుచుకుని, ఇన్‌స్పెక్టర్ తలెత్తేలోపల మూసుకున్నాడు.

"అంచు దగ్గర నాచు చూడండి," డిటెక్టివ్ అంది. "మనిషి బరువుతో తాడు రాయిని ఒరుసుకుంటే ఆ నాచు ఊడి, కింద రాయి తెల్లగా గీసుకుపోయి ఉండాలి. అది చెక్కుచెదరలేదు. ఈ తాడు మీద ఎవ్వరూ వేలాడలేదు. కట్టి, వదిలేశారు, అంతే."

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. కానీ అతను మొద్దు కాదు, అందుకే ఆమెకు అతనితో గొడవపడటం ఇష్టం. "సరే, వేలాడలేదు. ఆవిడే తోసేసి, తర్వాత తాడు కట్టి ఉండొచ్చుగా?"

"తోసేసిన మనిషికి ఏం కావాలి? ప్రమాదం జరిగిందని అందరూ అనుకోవాలి. అప్పుడు తాడు కట్టడం ఎందుకు? కాలు జారాడంటే సరిపోయేది. పోనీ కట్టిందే అనుకుందాం. రాతికి అరిగి తెగినట్టు రుద్దేది. ఎర్రరంగు కొసతో సహా సొంత తాడుని కత్తితో నున్నగా కోసి, ఇదుగో నన్ను పట్టుకోండని వేలాడదీస్తుందా?"

"అంటే?"

"ఇది హత్యలా కనబడాలని కట్టిన తాడు. పెద్దక్క మీదకే రావాలని కట్టిన తాడు. ఆవిడ ఇంట్లో కూర్చుని ఏడిస్తే చాలదు వాళ్ళకి. ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ పని మీరు చేసిపెట్టారు."

"నోరు జాగ్రత్త!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. గుట్టలు తిరిగి అరిచాయి.

ఆమె అప్పటికే లేచి బండ వెనక పొదల్లోకి నడుస్తోంది. ముళ్ళపొదల చాటున మనిషి ముడుచుకుని కూర్చోగలిగేంత తొర్ర ఉంది. వాన పడని చోటు. లోపల గడ్డి నలిగి నేలకి అంటుకుపోయింది. ఒక చదునైన రాతి మీద సన్నటి గీత, ఆ గీతకి అటూ ఇటూ తాడు పీచు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీకు కావలసిన కత్తి గాటు ఇక్కడుంది. హాయిగా కూర్చుని, తాడు రాతి మీద పెట్టి, తాపీగా కోశాడు. మంచులో పెద్దక్క గొంతు పోయేలా అరుస్తుంటే ఇక్కడ కూర్చుని విన్నాడు."

"ఎవడు?"

"ఎవడి సంచిలో ఆ తాడుందో వాడు. మీరు నీళ్ళలో వెతుకుతున్న మనిషి."

తొర్ర వెనక నుంచి దారి సరస్సు వైపు పోలేదు. రెండు కొమ్మలు విరిగి, వాటి ఆకులు వాడిపోయి ఉన్నాయి. అవి చూపిస్తున్నది కొండ అవతలి వైపు. డిటెక్టివ్ అటు నాలుగు అడుగులు వేసి చూసింది. ఎక్కడా ఇల్లు లేదు, పొగ లేదు. అడవి, అడవి పైన రాయి, రాయి పైన మంచు.

"అటు పక్క ఏముంది?" పడవవాణ్ణి అడిగింది.

"ఏముంటుంది మేడమ్. రాళ్ళు."

అతను ఆ మాట అన్న తీరు ఆమె గమనించింది. పొద్దుట్నుంచి నోటికి హద్దు లేకుండా మాట్లాడిన మనిషి. ఆ ఒక్క ప్రశ్నకి అక్క మొహం తెచ్చి తన మొహానికి తగిలించుకున్నాడు. అవే బిగిసిన పెదవులు, అదే కదలని చూపు.

డిటెక్టివ్ కిందికి చూసింది. దూరంగా సరస్సు మీద పడవలు. పడవల్లో ఆకుపచ్చ యూనిఫారాలు. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది.

"పదండి. పరిగెత్తగలిగితే పరిగెత్తండి."

*

తాళం తీసేదాకా కూడా ఆగలేక ఆమె ఔట్‌పోస్టు వెనక కిటికీ ఊచల దగ్గర నిలబడి అడిగింది.

"పెద్దక్కా! కొండ అవతల ఏముందో నాకు చెప్పొద్దు. మీరు మాటిచ్చారు, ఆ మాట మీ దగ్గరే ఉండనీండి. నాకు ఒక్కటి చెప్పండి. దానికి ఇప్పుడు కాపలా ఎవరున్నారు?"

చెక్కపెట్టె మీది మనిషి చప్పున లేచింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో భయం కనబడింది.

"గార్డులున్నారుగా. చౌకీలో..."

"అందరూ సరస్సులో కొక్కేలు లాగుతున్నారు."

పెద్దక్క ఊచలు పట్టుకుంది. తన తమ్ముడి వైపు చూసింది. అతను తల ఊపాడు. ఊరి మాట కాబట్టి ఊళ్ళో ఇంకొకరి ఒప్పుకోలు కావాలనుకుందేమో. ఆ తర్వాతే నోరు విప్పింది.

"మంచు చిరుత. ఈ కొండల్లో అంతరించిపోయిందని ఊళ్ళూ పట్నాలూ అన్నీ అనుకున్నాయి. మా అమ్మ కాలంలో ఒక్క జంట మిగిలింది. దాన్ని మా గొర్రెలు పెట్టి మేపాం. ఏడాదికి ఎన్ని పట్టుకుపోయినా ఎవరూ కర్ర ఎత్తలేదు, ఎవరూ బయట చెప్పలేదు. ఇప్పుడు పిల్లల్తో కలిపి ఇంకొన్ని ఉన్నాయి. ఈసారి గుహలో రెండు కూనలు. వాడు మొదటి రోజే మంచులో అడుగులు చూసి, ఇవెక్కడికి పోతాయని నా వెంటపడ్డాడు. వాడి సంచిలో కెమెరా కింద మడతపెట్టిన ఇనుప బోను చూశా, కూనల్ని ఎత్తుకుపోడానికి. అప్పుడే అరిచా."

ఆమె చెబుతున్నంతసేపూ తల ఎత్తే ఉంది. ఈ చిన్న ఊరు, మూడు తరాలు, ఒక్క నోరు జారలేదు. డిటెక్టివ్ ఇంతవరకూ దొంగల కట్టుబాటు చూసింది, హంతకుల కట్టుబాటు చూసింది. ఇలాంటిది చూడటం ఇదే మొదలు. ఆమెకు ఆ ఊచల ముందు నిలబడటం గర్వంగా అనిపించింది.

"దారి తెలిసిన మీరు గదిలో. కాపలావాళ్ళు నీళ్ళ మీద. ఊరంతా సరస్సు వైపు చూస్తోంది," అంటూ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "గార్డుల్ని దింపమని మీకు చెప్పిందెవరు?"

అతను టోపీ సర్దుకున్నాడు.

"ఎవరూ... ఆయన భార్య. కాళ్ళ మీద పడి ఏడ్చింది. శవమైనా చూపించండి, ఉన్నవాళ్ళందర్నీ పెట్టి వెతికించండి అంది. ఎవరికి జాలి వెయ్యదు?"

"ఆవిడ ఎప్పుడొచ్చింది?"

"బుధవారం పొద్దున్నే, నా వెనకే."

"వాళ్ళుండేది ఎక్కడని చెప్పింది?"

"మీ పట్నమే..." అని అతను ఆగిపోయాడు.

"నేను పొద్దున్న బయల్దేరితే మర్నాడు పొద్దుటికి చేరాను. మంగళవారం రాత్రి పోయిన కబురు విని బుధవారం పొద్దున్నే ఎలా దిగింది? రెక్కలు కట్టుకొచ్చిందా? కబురు అందకముందే అవతలి ఒడ్డున కూర్చుని ఉంది."

మరుక్షణం ఇన్‌స్పెక్టర్ లాడ్జి వైపు పరుగు తీశాడు. అంతలో లాడ్జి నడిపే ఆవిడే గొడవ విని చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఆయన భార్య ఉందా గదిలో?"

"లేదు సార్. తెల్లారగానే వెళ్ళింది. భర్త పోయిన చోట నాలుగు పూలు పెట్టి దణ్ణం పెట్టుకుంటానంటే, పాపం, పెద్దక్క కూతురే చౌకీ నుంచి దిగొచ్చి తోడు తీసుకెళ్ళింది. 'మా అమ్మ మీద నింద పడింది, మా వంతు మర్యాద మేం చెయ్యాలి' అంది ఆ పిల్ల. ముక్కురాయికే వెళ్ళారు."

"మేం ఇప్పుడు ముక్కురాయి నుంచే వస్తున్నాం," డిటెక్టివ్ అంది. "అక్కడ పూలు లేవు. మనుషులూ లేరు."

అందరూ కిటికీ ఊచల వైపు తిరిగి చూశారు. పెద్దక్క ఏడవలేదు. తలుపు దగ్గరకొచ్చి నిలబడి ఉంది, తెరుస్తారని తెలిసినట్టు.

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు. తనే తాళం తీశాడు. తల నుంచి టోపీ తీసి, "పెద్దక్కా, నా తప్పు..." అని మొదలుపెట్టాడు.

"తర్వాత చెప్పుకుందువు గానీ నాయనా. ముందు జరుగు."

*

కొండ చుట్టి నడిస్తే సగం రోజు. సరస్సుకి అడ్డంగా పోతే అవతలి వైపు నుంచి నిట్టనిలువు దారి ఉంది. పడవవాడు ఒక తెడ్డు అందుకున్నాడు. రెండోది ఇన్‌స్పెక్టర్ ఎవరూ అడక్కుండానే లాక్కుని కూర్చున్నాడు. వెనక పడవల్లో గార్డులు కొక్కేలు నీళ్ళలోనే వదిలేసి బయల్దేరారు.

"శిక్షణలో పడవ పందెంలో కూడా నాకు రెండో స్థానమే," తెడ్డు వేస్తూ అతను రొప్పాడు.

"ఇవాళ మొదట నువ్వే రా, నేనేం అనుకోను," అంది డిటెక్టివ్.

సరస్సు సగం దాటేసరికి కొండ భుజం పక్కకి జరిగి, దాని వెనక మంచు వాలు కనబడింది. డిటెక్టివ్ బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించుకుని ఆ తెలుపంతా మెల్లగా వెతికింది. ఒక చోట ఆగింది.

"ముగ్గురున్నారు. ముందు ఆకుపచ్చ యూనిఫారం. వెనక బూడిదరంగు కోటులో ఒక ఆడమనిషి. ఆమె వెనక ఒక మగాడు, చేతిలో తుపాకీ. అది ఆ పిల్ల వీపుకి గురిపెట్టి ఉంది." బైనాక్యులర్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చింది. "తప్పిపోయినవాడి ఫొటో చూసినవాడివి నువ్వు. చెప్పు."

అతను చూశాడు. పళ్ళు పటపట కొరికాడు. "వాడే. సరస్సులో చచ్చిపోయినవాడే."

"మన పిల్లతో గుహకి దారి చూపించుకుంటున్నారు," పడవవాడు తెడ్డు ఆపకుండానే అన్నాడు. "దానికీ తెలుసు అక్కా. నీ తర్వాత దానికి తప్ప ఇంకెవరికి తెలుసు..."

"ఇటివ్వు," అంది పెద్దక్క.

ఆమె బైనాక్యులర్స్ అందుకుంది. కళ్ళకి ఆనించుకుంది. చాలాసేపు చూసింది. చూస్తుండగా ఆమె వీపు మరికాస్త నిటారైంది.

"గుహ కుడి చేతి వైపు," నెమ్మదిగా అంది. "పెద్ద బండ దాటాక కుడికి తిరగాలి. నా కూతురు ఎడమకి తిప్పింది."

"ఎడమ పక్కన ఏముంది?" డిటెక్టివ్ అడిగింది.

"పైకి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. ఎండలు ముదిరాక కింద నీరు పారి మంచు డొల్లయిపోతుంది. ఇద్దరు ముగ్గురి బరువు ఒకేసారి పడితే ఆగదు. ఈ కాలంలో మా వాళ్ళెవరూ అటు కాలు పెట్టరు."

"ఆ సంగతి మీ అమ్మాయికి తెలుసా?"

"తెలుసు." పెద్దక్క కళ్ళ మీంచి బైనాక్యులర్స్ దించలేదు. నీళ్ళు వాటి కింద నుంచి చెంపల మీదికి కారుతున్నాయి. గొంతులో మాత్రం ఊరంతటి గర్వం. "తెలిసే తీసుకెళ్తోంది. తమ్ముడూ, గట్టిగా వెయ్యి."

తెడ్లు నీటిని చీల్చాయి. దూరాన, ఆ తెల్లటి వాలు మీద, ఆకుపచ్చ చుక్క ఒక్క క్షణం ఆగింది. వెనకున్న రెండు చుక్కలు దాని దగ్గరకంటా వచ్చేదాకా ఆగింది. ఆ తర్వాత ఆ డొల్ల మంచు మీదికి మొదటి అడుగు వేసింది.